కుడి భుజం మొనగాడు

మా ఊళ్లో గుండు ఎత్తే పందెం ఉండేది. నున్నటి రాతిగుండును నేల మీంచి తొడల మీదికి, అక్కడినుంచి కుడి భుజం మీదికి ఎక్కించి వెనక్కి వదిలేయాలి. ఎడమ భుజం మీదికి ఎత్తితే ఎత్తినట్టు కాదు. ఈ నియమం ఎవరు పెట్టారో తెలియదు కానీ, ముత్తుకూరు చుట్టుపక్కల పల్లెల్లో దాన్ని కాదన్న మొనగాడు లేడు. పందొమ్మిది వందల యాభైల చివర్లో, మీసం మొలిచీ మొలవకముందే నేను ఆ గుండు మీద మోజు పడ్డాను. అరవైలు వచ్చేసరికి నా కుడి రెక్కను చూసి నేనే మురిసిపోయేవాణ్ణి. చొక్కా కుడి చెయ్యి బిగుసుకుపోయేది, ఎడమ చెయ్యి వదులుగా వేలాడేది. అదేదో ఘనకార్యం అనుకున్నాను.

ఆ బలానికి ఇంట్లో ఒక పని దొరికింది. మా నాయనను కన్న అవ్వ దొడ్లో తడినేల మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ప్రాణం దక్కింది, నడక పోయింది. నాయనకు ఉబ్బసం, అమ్మ పూచికపుల్లంత మనిషి. పాలేళ్ల చేత ఎత్తించుకోవడానికి అవ్వ ససేమిరా అంది. తలుపు ఇరుకు కాబట్టి మంచంతో సహా బయటికి మోసే వీలూ లేదు. అందుకని రోజూ పొద్దున్నే నేను ఆమెను చంటిబిడ్డలా రెండు చేతులా ఎత్తి వీధరుగు మీద కూర్చోబెట్టేవాణ్ణి. కుడి చెయ్యి వీపు కింద, ఎడమ చెయ్యి మోకాళ్ల కింద.

ఆ అరుగే ఆమె రాజ్యం. సముద్రపు ఒడ్డు నుంచి తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చే చేపలామెను ఆపి, తాజాదో కాదోనని ప్రతి చేప మొప్ప ఎత్తి చూసి, బేరమాడి, పోట్లాడి, చివరికి ఆమెకే మజ్జిగ ఇప్పించి పంపేది. పోయేవాళ్లను వచ్చేవాళ్లను పలకరించి ఊరి కబుర్లన్నీ పోగేసేది. నడక పోయిన మనిషికి లోకమంటే అంతే మిగిలింది. అదీ నా చేతుల మీద ఆధారపడి ఉంది.

ఇంతలో నా నడుముకు ఎడమ పక్కన నొప్పి మొదలైంది. గుండు ఎత్తేటప్పుడు కలుక్కుమనేది. తర్వాత వంగినా లేచినా అంతే. కుడి భుజం రాత్రిళ్లు లాగేసేది. ఉప్పు కాపడం పెట్టుకున్నాను, వావిలాకు వేసి కాచిన నీళ్లు పోసుకున్నాను. తగ్గినట్టే తగ్గి మళ్లీ పట్టుకునేది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పళ్లబిగువున అవ్వను మోస్తూనే ఉన్నాను.

ఒకరోజు అరుగు మీద దించగానే ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"అబ్బయా, నువ్వు ఎత్తినప్పుడల్లా నా కాళ్లు కిందికి జారతా ఉండాయి. ఒక ఎద్దును మేపి ఇంకోదాన్ని ఎండగట్టినావు. కాడి ఒరగక ఏమైతాది?"

నేను నవ్వేసి తప్పించుకోబోయాను. ఆమె వదల్లేదు.

"చెప్తే ఎత్తడం మానేస్తావని ఇన్నాళ్లూ ఊరుకుండినా. నీ నడుము సరయ్యేదాకా ఇంక నన్ను తాకబాకు."

ఆ పూట లోపలికి మోసుకెళ్లడమే ఆఖరు. మర్నాడు పొద్దున నేను వెళ్లి చేతులు చాపితే గోడవైపు తిరిగి పడుకుంది. బతిమాలాను, కోప్పడ్డాను కూడా. అమ్మ చేత చెప్పించాను. మా అవ్వ మాటంటే మాటే.

మంచంలో ఉంటూనే నా మీద పెత్తనం మొదలుపెట్టింది. గుండు జోలికి వెళ్లకూడదు. బావిలో చేద ఎడమ చేత్తోనే ముందు లాగాలి. రోకలి ఎడమ చేత్తోనే పట్టాలి. నీళ్ల బిందె ఎడమ భుజానే రావాలి. ఈడువాళ్లు ఎగతాళి చేశారు, గుండు వదిలి రోకలి పట్టానని. మొదట్లో నా ఎడమ చెయ్యి వడ్లను రోట్లో కంటే బయటే ఎక్కువ దంచింది. వీధిలో చేపలామె కేక వినపడితే అవ్వ లోపలినుంచే బేరమాడేది. చూడకుండా బేరమేమిటని చేపలామె నవ్వేది. మొప్ప చూడకుండా అమ్మ కొన్న చేపలు మాత్రం తినలేకపోయాం. ఒక్కోసారి వీధిలో ఎవరో నవ్వితే, ఎవరో చెప్పమని అవ్వ నన్ను అడిగేది. నేను గుమ్మం దాకా వెళ్లి చూసొచ్చి చెప్పేవాణ్ణి.

వానలు వచ్చి వెలిశాయి. నొప్పి ఎప్పుడు పోయిందో గమనించనేలేదు. వంగి బిందె ఎత్తుకుని నాలుగడుగులు వేశాక గుర్తొచ్చింది, నడుము పలకలేదని. ఆ నడుముతోనే తర్వాత ఏళ్ల తరబడి పొలం చేశాను, పిల్లల్ని భుజాన మోశాను. ఆ సుఖమంతా ఆమె పెట్టిన భిక్ష.

అవ్వ నన్ను ముందుకు వంచి, వెనక్కి తిప్పి, వీపంతా తడిమి చూసి గానీ ఒప్పుకోలేదు. ఎండ పొడ వీధరుగు మీదికి వచ్చింది. నేను కాళ్లు ఎడంగా పెట్టి, ఊపిరి బిగబట్టి, పాత బరువుకు సిద్ధపడి ఎత్తాను.

చేతులు పైకి లేచిపోయాయి. నీరెండ లేక, నలుగురూ లేక, చీకటి గదిలో ఆమె కరిగిపోయింది. నొప్పి ఉన్న రోజుల్లోనైనా ఆ కాస్త బరువును ఒంటిచేత్తో మోయగలిగేవాణ్ణి. గుమ్మంలో ఆగిపోయాను.

"ఏందబ్బయా, మళ్లీ పట్టేసిందా?" అంది కంగారుగా.

"లేదవ్వా. నువ్వే బరువు లేవు."

ఆమె తన కాళ్లవైపు చూసుకుంది. అవి జారలేదు. "నీకు నొప్పి లేదు గదా," అంది, "అంతే చాల్లే."