సాంబ్రాణి పొట్లం మీద ఖాళీ చోటు

మా అంగడి వాకిట్లో ఒక వెదురు బుట్ట ఉంటుంది. కొత్తవాళ్ళు దాన్ని చెత్తబుట్ట అనుకుని చేతిలోది ఏదో వేయబోతే, పక్కన నిలబడ్డవాళ్ళే ఆపుతారు. అది ఖాళీ సాంబ్రాణి కవర్ల బుట్ట. మా సాంబ్రాణి కొన్నవాళ్ళు పొడి అయిపోయాక కవరు తెచ్చి అందులో వేసి, కళ్ళకద్దుకుని పోతారు. కవరు మీద పెరుమాళ్ బొమ్మ ఉంది కాబట్టి దాన్ని పారేయడానికి వాళ్ళకు చేయి రాదు.

తమిళనాడు ధర్మపురిలో మేము తరాలుగా పసుపు, కుంకుమ, కర్పూరం అమ్ముకుని బతుకుతున్న తెలుగువాళ్ళం. సాంబ్రాణి మాత్రం మేమే దంచి, మా పేరు మీద పొట్లం కట్టి అమ్ముతాం. పాలకోడు, కారిమంగళం, పెన్నాగరం పక్క పల్లెల చిల్లర అంగళ్ళకు మా సరుకు పోతుంది. పొట్లం మీద స్వామి బొమ్మ వేయించింది మా నాయన. కాగితం పోయి ప్లాస్టిక్ కవర్లు వచ్చిన రోజులవి, నాకింకా ఊహ తెలియదు. బొమ్మ బాగా కుదిరింది. శంఖం, చక్రం, నీలి మేను, వెనక బంగారు కాంతి. సరుకు బాగా కదిలింది కూడా.

ఆ కవర్లు బుట్టలోకి తిరిగి వచ్చాక ఏం చేయాలో మాత్రం ఆయన ఆలోచించలేదు. కాగితమైతే పారే నీళ్ళలో వదలవచ్చు. ప్లాస్టిక్‌ను నీళ్ళలో వేయడం పాపం. కాల్చితే స్వామి ముఖం ముడుచుకుపోతుంది, చూడలేం. పాత ప్లాస్టిక్‌ను రోడ్లు వేయడానికి తీసుకుంటారని ఎవరో చెప్పారు. స్వామిని తీసుకుపోయి లారీల కింద పరచడమా? బుట్ట నిండినప్పుడల్లా గోనెసంచిలోకి ఎత్తి, మూతి కుట్టి అటక మీదికి చేర్చేవాళ్ళం. నాయన పోయి అంగడి నా చేతికి వచ్చేసరికి అటక నిండి, సంచులు సరుకు గదిలోకి దిగాయి.

నా కూతురు ఒకరోజు ఆ సంచుల మధ్య దారి చేసుకుని వస్తూ, "అప్పా, ఇంకొన్నాళ్ళు పోతే స్వామి లోపల, సరుకు వీధిలో" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

నేను పెరుమాళ్ గుడి శనివారం భజన గోష్ఠిలో పెరిగినవాణ్ణి. తాళాలు వేయడం, నామం చెప్పడం, తెలుగు అక్షరాలు చదవడం అన్నీ అక్కడే నేర్చుకున్నాను. విగ్రహంలోకి ఆవాహన చేసి స్వామిని పిలుస్తాం, పూజ ముగిశాక ఉద్వాసన చెప్పి సాగనంపుతాం. మరి అచ్చుబొమ్మలోకి స్వామిని ఎవరు పిలిచారని చిన్నప్పుడు ఒకసారి అడిగాను. చూసినవాడి భక్తే పిలుస్తుంది, ఆయన వస్తాడు అన్నారు గోష్ఠి పెద్దాయన. ఆ మాట నేను మరిచిపోలేదు. ఎందరో ఆడవాళ్ళు శుక్రవారం పూట కళ్ళకద్దుకున్న బొమ్మలవి. పిలిచి తెచ్చుకున్న స్వామిని, దీపం లేకుండా, నైవేద్యం లేకుండా, ఎలుకల మధ్య మూటకట్టి పెట్టాను. ప్రతి ఉదయం అంగడి తెరిచి సాంబ్రాణి వేసేటప్పుడు ఆ గది వైపు చూడడానికి సిగ్గుగా ఉండేది.

ప్లాస్టిక్ మాని మళ్ళీ కాగితానికి రావాలని, బొమ్మ కూడా తీసేయాలని నిర్ణయించుకున్నాను. తీసేస్తే అంగడి నిలుస్తుందా అన్నదే భయం. చదువురానివాళ్ళు బొమ్మను వేలితో చూపించి అడుగుతారు. ఆ బొమ్మే మా పేరు. చిల్లర అంగళ్ళవాళ్ళతో మాట కలిపి చూస్తే అందరూ వద్దనే అన్నారు.

మా కూతురు సేలంలో కంప్యూటర్ మీద బొమ్మలు వేయడం, అక్షరాలు దిద్దడం చదువుకుంది. బొమ్మ తీసేస్తే ఆ చోట ఏం పెడదామని అడిగింది. అలా అడిగిన కొన్నాళ్ళకు, పూజ అల్మారా తెరిచి వత్తులు తీస్తూ, తలుపు లోపలి వైపు చూస్తూ నిలబడిపోయింది. అక్కడ మా తాత కాలపు సాంబ్రాణి లేబుల్ అతికించి ఉంది. మాకున్నది అదొక్కటే. ఆయుధపూజ నాడు త్రాసుతో పాటు దానికీ పూజ చేస్తాం. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే అయినా, ఆ రోజు మొదటిసారి చూసినట్టు చూసింది.

అరచేయంత కాగితం. మట్టిరంగు నేల. దాని మీద ముదురు ఆకుపచ్చ అక్షరాలు. పైన మా అంగడి పేరు తమిళంలో, ధనుస్సులా వంచి, ఒక్కొక్క అక్షరం బొద్దుగా, మూలలు గుండ్రంగా, వెనక సన్నని నీడ గీతతో. కింద అదే పేరు తెలుగులో, చిన్నగా, తిన్నగా. మధ్యలో దళసరి ఆకుపచ్చ వలయం. వలయం లోపల ఎర్రటి గుండ్రం. అంతే. తీగలు లేవు, పూలు లేవు, ఏ స్వామీ లేడు.

"అప్పా, దీన్ని వీధి ఆ చివర నుంచి చూసినా గుర్తుపట్టొచ్చు. ఈ కాలంలో వేసినట్టుంది" అన్నది. అప్పట్లో సిరాలు తక్కువ, ఒక్కొక్క రంగుకు ఒక్కొక్కసారి అచ్చు వేయాలి, అందుకే అవసరమైనంత వరకే వేసేవాళ్ళని నాకు వివరించింది. ఫోటో తీసుకుని, ప్రతి అక్షరం మళ్ళీ దిద్దింది. తెలుగు లిపి ఆమెకు చదవడం రాదు. నేను పక్కన కూర్చుని ఏ మలుపు ఎక్కడ మొదలవుతుందో చూపిస్తే, ముగ్గు వేసినట్టు వేసుకుంటూ పోయింది. మట్టిరంగును అదే ఛాయలో పట్టింది. ఎర్ర గుండ్రం అంచు అక్కడక్కడ చెదిరి ఉంటే, దాన్ని చక్కగా సరిచేసింది. దళసరి కాగితం మీద నమూనా పొట్లం వచ్చిన రోజు నేను కూడా చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాను. ఉదయించే సూర్యుడిలా ఉంది.

తమిళ నెల పురటాసిలో పెరుమాళ్‌కు చేసే శనివారాల పూజకు మా అత్త, అంటే నాయన చెల్లెలు, ఏటా పాలకోడు నుంచి బస్సులో వస్తుంది. ఎనభై దాటినా స్వామికి పెట్టే తళిగ నైవేద్యానికి పిండి తానే కలపాలి. ఆమె చేతికి నమూనా పొట్లం ఇచ్చాను. అటు తిప్పి, ఇటు తిప్పి, అద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది. తర్వాత పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"ఏమత్తా?"

"ఈ ఎర్రది యాడ్నుంచి వచ్చింది రా?"

అల్మారా తలుపు తెరిచి చూపించాను. ఆమె దగ్గరికి పోయి ఎర్ర గుండ్రం మీద గోరు ఆనించి మెల్లగా గీకింది. గోటి కింద పొడి రాలింది.

"ఇది అచ్చు కాదు రా అబ్బయ్యా. బొట్టు. మా అమ్మ పెట్టింది, నేను పెట్టినాను, మీయమ్మ పెట్టింది. ఇన్నేండ్ల కుంకుమ పేరుకొని గట్టిపడింది. మీరు పోయి దాన్ని కంప్యూటర్లో ఎక్కించినారా?"

నా కూతురు నేల మీద కూలబడి నవ్వింది. నాకూ నవ్వు ఆగలేదు. ప్రతి ఆయుధపూజకు దానికి బొట్టు పెడుతున్నది మేమే. పెట్టిన బొట్టునే అచ్చు అనుకున్నదీ మేమే.

మట్టిరంగు కూడా అత్త ఒప్పుకోలేదు. అది దీపం పొగ, సాంబ్రాణి పొగ పట్టి వచ్చిన రంగు. అసలు కాగితం నిమ్మపండు రంగు. రంగు కాగితమే కొంటే ఒక్క సిరాతో పని జరుగుతుందని తాత లెక్క. నేల రంగు కాగితానిదే, అక్షరాలు ఆకుపచ్చవి. మూడో రంగు లేనే లేదు. ఎరుపు యాడ్నుంచి వచ్చిందని అత్త అడిగింది అందుకే.

అప్పుడామె ఆ లేబుల్ కథ చెప్పింది. సేలం అచ్చాఫీసుకు తాత చిన్నపిల్లగా ఉన్న ఆమెను వెంటబెట్టుకుని పోయాడట. అక్కడ స్వాముల అచ్చుదిమ్మలు వరసగా పేర్చి ఉన్నాయి. ఊదుబత్తి, బియ్యం, అగ్గిపెట్టె, ఏ సరుకుకైనా ఏదో ఒక స్వామి. మీకు ఎవరు కావాలో ఎంచుకోండి అన్నాడట అచ్చాఫీసాయన. వలయం మాత్రం వేయండి, లోపల ఏమీ వద్దు అన్నాడు తాత. ఇది సగం లేబుల్ అవుతుంది, మా ఆఫీసుకు చెడ్డపేరు వస్తుంది అని ఆయన విసుక్కున్నాడట. దానికి తాత చెప్పిన మాట అత్తకు అలాగే గుర్తుంది.

"ప్రతి ఇంట్లో వాళ్ళ స్వామి వాళ్ళకుంటాడు. ఈ పొగ ఆయనకే కదా వేసేది? మనం ఇక్కడ్నుంచి ఇంకొకర్ని పంపేది ఎందుకు?"

ఆ రాత్రి గోష్ఠిలో తాళం వేస్తున్నా నా మనసు ఆ మాట మీదే ఉంది. తాత కూడా అదే గోష్ఠిలో కూర్చున్నవాడు. నాకు సంచుల బరువు మీద పడ్డాక వచ్చిన ఆలోచన, ఆయనకు మొదటి అచ్చుకు ముందే వచ్చింది.

నమూనా మార్చాం. నిమ్మపండు రంగు కాగితం, ఒక్క ఆకుపచ్చ సిరా, లోపల ఖాళీ వలయం. ఎర్ర గుండ్రం తీసేయడానికి నా కూతురికి మనసు రాలేదు. "అదే అందం అప్పా" అని గొణుగుతూనే తీసేసింది. కార్తీకానికి ముందు కొత్త పొట్లాలు అంగళ్ళకు పోయాయి.

మొదట కారిమంగళం నుంచి కట్టలు తిరిగి వచ్చాయి. సంతలో ఎవరూ చేయి చాచడం లేదని, ఇది మీ సరుకేనా అని అడుగుతున్నారని ఆ అంగడాయన చెప్పాడు. ఆ తర్వాత ఇంకో రెండు ఊళ్ళ నుంచీ అదే మాట. నేను సంత రోజున కారిమంగళం పోయి, ఆ అంగడి ముందు ధూపపు సట్టి పెట్టుకుని కూర్చున్నాను. పొగ చూసి ఆగినవాళ్ళకు పొట్లం చేతికిచ్చాను. వాసన పట్టి, మీదేనా అని అడిగి, కొందరు తీసుకున్నారు, కొందరు పెట్టేసి పోయారు. నేను అనుకోనిది ఒకటి జరిగింది. దర్గాకు సాంబ్రాణి కొనేవాళ్ళు ఇన్నాళ్ళూ మా దగ్గర విడి సాంబ్రాణి కట్టించుకుని పోయేవాళ్ళు. ఇప్పుడు పొట్లమే అడిగారు.

ఎండాకాలం వచ్చేసరికి ఖాళీ వలయాన్ని వేలితో చూపించి అడగడం మొదలైంది. కొన్ని అంగళ్ళు ఇప్పటికీ మా దగ్గరికి తిరిగి రాలేదు. వ్యాపారం కొంత తగ్గింది, నిలిచింది. సరుకు గదిలో సంచులు అలాగే ఉన్నాయి, వాటి ముందు రోజూ దీపం పెడుతున్నాను. పాత కవర్లు ఇళ్ళలో అయిపోయేదాకా ఉంచుదామని బుట్టను మాత్రం తీయలేదు. రాను రాను అది ఖాళీగానే ఉండసాగింది.

ఇక తీసేద్దామనుకుంటుండగా ఒక శనివారం పిక్కిలి పల్లె నుంచి ఎప్పుడూ వచ్చే పెద్దావిడ వచ్చింది. కొంగు ముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన నిమ్మపండు రంగు కాగితం తీసి బుట్టలో వేసి, కళ్ళకద్దుకుంది. నేను నవ్వుతూ, ఇప్పుడు దాని మీద స్వామి లేడు కదమ్మా, ఇంట్లోనే పారేయొచ్చు అన్నాను.

"బొట్టు పెట్టినాను నాయనా. పొట్లం విప్పిన దినం, చోటుంది కదాని నడాన పెట్టినా. బొట్టు పెట్టినాక ఎట్ల పారేసేది?"

కాగితం తీసి మడత విప్పాను. వలయం లోపల సరిగ్గా మధ్యలో ఎర్రటి గుండ్రం, అంచు కొంచెం చెదిరి ఉంది. నా కూతురు గల్లాపెట్టె దగ్గర నుంచి మెడ చాచి చూసి, నా వైపు కనుబొమ్మలు ఎగరేసింది.

ఆ సాయంత్రం గోష్ఠికి పోతూ ఆ కాగితాన్ని జేబులో పెట్టుకున్నాను. ఉద్వాసన చెప్పుకుని, ధూపపు సట్టిలో నిప్పుల మీద దాన్ని ఉంచి, పైన పిడికెడు సాంబ్రాణి చల్లాను. ముడుచుకుపోయే ముఖం అందులో లేదు. అంచు నుంచి ఆకుపచ్చ అక్షరాలు ఒక్కొక్కటే నల్లబడి, పొగ లేచి సన్నిధి వైపు పోయింది.

బుట్ట ఇంకా వాకిట్లోనే ఉంది.