కెంపుల కింది రేకు

నాయనమ్మ తన కెంపుల కమ్మలు నా చేతిలో పెట్టిన రోజునే వాటిలో నాకో లోపం కనబడింది. వెనకంతా బంగారంతో మూసేసి ఉన్నాయి. అంతకు ముందే బందరులో ఒక పెళ్లిలో వెనక తెరిచి కట్టిన కమ్మలు చూసి వచ్చాను. వెలుగు ఆ రాళ్లలోంచి అటు నుంచి ఇటు వచ్చేస్తోంది. పందొమ్మిదేళ్ల దాన్ని, నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. కమ్మలు విప్పించి మళ్లీ కట్టించాలని వారం రోజులు నాయనమ్మ ప్రాణం తీశాను.

మా ఊరు మొవ్వ పక్కన. పందొమ్మిది వందల యాభైల చివర కూడా ఇంటి బంగారం గడప దాటకూడదని కంసాలినే ఇంటికి పిలిపించేవారు. గుడివాడ నుంచి ఆచారిగారు వచ్చి మా వసారాలో కుంపటి పెట్టుకునేవారు. ఎదురుగా ఇంట్లోవాళ్లు ఒకరు కూర్చుని చూస్తూ ఉండాలి. "కంసాలి తల్లి బంగారమైనా వదలడు" అని నాయనమ్మ ఆయన వినేలాగే అనేది. ఆయన నవ్వేసేవారు. ఆ రోజు కాపలా నాది.

ఉలి పెట్టబోతూ ఆచారిగారు తలెత్తారు.

"అమ్మాయిగారూ, ఈ ఎరుపు సగం రాయిది కాదండి. అడుగున ఎర్ర రేకు వేశారు. తీస్తే రాళ్లు వెలవెలబోతాయి. పెద్దావిడకి ఓ మాట చెప్పి రండి."

చెబితే వద్దంటుంది. "నాయనమ్మకి తెలుసండీ, తీసెయ్యండి" అన్నాను.

రాళ్లు ఒక్కొక్కటే పళ్లెంలో పడ్డాయి. రాత్రంతా నీళ్లలో నానినట్టు పాలిపోయి ఉన్నాయి. సరిగ్గా అప్పుడే నాయనమ్మ వచ్చింది.

"ఇవి నా రాళ్లు కావు. మార్చేశావా ఆచారీ?" అని, నా వైపు తిరిగి, "నువ్వేం చూస్తున్నావే?" అంది.

నేను కళ్లారా చూశాను. ఒక్క మాట చాలు. ఆ మాట చెబితే అబద్ధం బయటపడుతుందని తల వంచుకున్నాను.

ఆచారిగారు నన్నొకసారి చూశారు. అమ్మాయిగారికి ముందే చెప్పానని ఆయనైనా అనొచ్చు. అనలేదు. రేకు ముక్క రాయి కింద పెట్టి నాయనమ్మకి చూపించారు. రాయి మళ్లీ ఎర్రబడింది. నాయనమ్మ ముక్కున వేలేసుకుని, "సరే, మునుపు ఎలా ఉన్నాయో అలాగే కట్టెయ్యి" అని లోపలికి వెళ్లిపోయింది.

పొద్దు వాలేసరికి కమ్మలు మునుపటిలాగే అయ్యాయి. ఆచారిగారు లేచి, మా ఇంట్లో ఎన్నడూ చేయని పని చేశారు. భుజం మీది కండువా తీసి నా ఎదుట పళ్లెంలోకి దులిపారు. రెండు చేతులూ చాపి, వేళ్లు విడదీసి చూపించారు.

"చూసుకోండి అమ్మాయిగారూ. కాపలా మీదే కదండీ."

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా అప్పుడు కూడా నోరు తెరవలేదు.