మా అత్తగారు చివరిదాకా చూసిన దయ్యం సినిమా

పెళ్ళయిన కొత్తల్లో నాకు వంట రాదంటే ఎవరూ పట్టించుకోలేదు గానీ, దయ్యమంటే భయమని తెలిసేసరికి కాకినాడలో మా వీధి వీధంతా నవ్వింది. ఆ రోజుల్లో మా అత్తగారికి దయ్యం సినిమాలంటే ప్రాణమని పేరు. ఒక మ్యాట్నీకి నన్నూ లాక్కెళ్ళారు. ఇంటర్వెల్ అయిన పది నిమిషాలకు తెరమీద మంచం కిందనుంచి ఒక చెయ్యి బయటికొచ్చింది, హాల్లోంచి నేను బయటికొచ్చాను. (ఒక చెప్పు అక్కడే ఉండిపోయింది. వెనక్కెవరు వెళ్తారు?) ఆటో ఎక్కి ఇంట్లో పడ్డాను. సినిమా వదిలాక ఆవిడ నింపాదిగా వచ్చి, "కోడలు నన్ను దయ్యానికి అప్పగించి పారిపోయిందండీ! నేను మాత్రం చివరిదాకా చూసే వచ్చాను" అని గుమ్మంలోనే చాటింపు వేశారు. ఇంక నా బతుకు చూడండి! ఆఖరికి చేపలమ్మే ఆవిడ కూడా, "పండుగప్ప కళ్ళు తెరుచుకునుందమ్మా, భయపడవు కదా?" అనేది. ఒళ్ళు మండిపోయేది.

ఏడాది తిరక్కుండానే రెండో భాగం వచ్చింది. కదలకుండా కూర్చుని, పోయిన పరువు తెచ్చుకోవాలని మొదటిరోజే ముగ్గురికి టిక్కెట్లు తీశాను. మూడోది సాక్షికి, అంటే పక్కింటి పిన్నిగారికి. (ఆవిడకు చెబితే వీధికి చెప్పినట్టే.) తీరా చూస్తే ఆ దయ్యం భయపెట్టదే! పాటలు పాడుతుంది, తన కష్టాలు చెప్పుకుంటుంది. హాలంతా నవ్వులు. నాకు కుర్చీలో కాలు నిలవడం లేదు. ఇలాంటి దయ్యం ముందు కూర్చుంటే అదేం ధైర్యం? ఒక్కసారైనా భయపెట్టవే తల్లీ అని దానికే మొక్కుకున్నాను.

అంతలో తెరమీద మొదటి భాగంలో జరిగిన కథ చూపించారు. మా అత్తగారు నా చెవిలో, "అయ్యయ్యో, మంత్రగాడు చచ్చిపోయాడా!" అన్నారు.

నాకు తెలియలేదంటే అర్థముంది. చివరిదాకా చూసిన ఈవిడకు తెలియకపోవడమేంటి? ఇంటర్వెల్లో పిన్నిగారు పాప్‌కార్న్‌కు వెళ్ళగానే నిలదీశాను.

"నువ్వెళ్ళిన ఐదు నిమిషాలకి నేనూ వచ్చేశానమ్మాయ్. సినిమా వదిలేదాకా క్యాంటీన్లో కూర్చున్నాను."

"మరి ఏడాదిగా నన్ను ఆడిపోసుకున్నారే!"

"నిన్నంటే నాలుగు రోజులు నవ్వి ఊరుకుంటారు. నన్నంటే మీ మావయ్యగారు జన్మంతా దెప్పుతారు. ఆయన సంగతి నీకు తెలీదు."

మిగతా సినిమా అంతా, బయటికెళ్ళగానే పిన్నిగారికి ఎలా చెప్పాలా అన్న ఆలోచనే.

మెట్లు దిగుతూ పిన్నిగారే అడిగారు: "ఎలా ఉందండీ వదినగారూ? మొదటిదాంట్లో ఆ బావి సీను ముందు ఇదెంత, కదండీ?"

బావి ఏమిటో మా ఇద్దరికీ తెలియదు. మా అత్తగారు నావైపు చూశారు. ఆ ముఖంలో అంత భయం ఏ దయ్యమూ తెప్పించి ఉండదు. నాలుక చివరిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది.

"బావి సీను ముందు ఇదెంతండీ! అప్పుడు అత్తయ్యగారు రెప్ప కూడా వెయ్యలేదు" అన్నాను.

"ఆయ్, మొదటిదే బాగుందండీ" అన్నారావిడ, నా చెయ్యి గట్టిగా పట్టుకుని. "మా కోడలు ఇవాళ కదిల్తే ఒట్టు!"

అంత ఉడుకు రక్తంలో ఆ మాట ఎలా మింగానో ఇప్పటికీ నాకే ఆశ్చర్యం. ఇప్పుడు ఎప్పుడైనా టీవీలో ఆ మొదటి భాగం వస్తే, మంచం సీనుకి ముందే మా అత్తగారికి పప్పు మాడుతున్న వాసన వస్తుంది. ఇద్దరం వంటింట్లోకి వెళ్ళి, సినిమా అయిపోయేదాకా ఆ పప్పు చూస్తాం.