పద్నాలుగు సిమ్ములు, ఒకటే పేరు

2022 జనవరి. మిరప కోతలు మొదలైన వారం. బళ్ళారి బ్రూస్‌పేటలో మా సిమ్ కార్డుల అంగడి పెట్టి అప్పటికి పదహారేళ్ళు. పెట్టిన కొత్తలో వీధికొక ఫోను ఉండేది. తర్వాత ఇంటికొకటి, ఆ తర్వాత మనిషికొకటి, ఇప్పుడు ఒకే జేబులో రెండు. ఈ పెరుగుదలంతా నా బల్ల ముందే జరిగింది. నేను బడికి పోయినదాన్ని కాదు. మా నాయన ఇంట్లోనే తెలుగు, లెక్కలు చెప్పినాడు. కన్నడం అంగళ్ళ బోర్డులు చూపించి నేర్పినాడు. ఆ చదువుతోనే ఇంతమందికి నంబర్లిచ్చే పని దొరికిందంటే అది స్వామి దయ, మా నాయన ఓపిక.

ఆ చలికాలంలో ఒక రూలు గట్టిగా అమలుకొచ్చింది. ఒక మనిషి పేరున తొమ్మిది కనెక్షన్లకు మించి ఉండకూడదు. మించితే రీవెరిఫికేషన్ చేయించుకోవాలి. అంటే ఏవి ఉంచుకుంటారో, ఏవి తీసేయాలో, ఏవి ఇంకొకరి పేరుకు మార్చాలో వచ్చి చెప్పాలి. చెప్పకుంటే మొదట ఫోను చేసే వీలు ఆగిపోతుంది, తర్వాత వచ్చే కాల్స్ కూడా ఆగుతాయి.

ఆ మెసేజ్ పట్టుకొని ఎర్రిస్వామి వచ్చినాడు. హగరి ఏరు అవతల ఊరి కూలి మేస్త్రీ. ఆడకూలీలను జట్టు కట్టి రైతుల చేలకు తీసుకుపోతాడు. అతని నంబరు కొట్టి చూస్తే స్క్రీన్ మీద అతని పేరున పద్నాలుగు నంబర్లు.

"ఏందప్పా ఇది, నీకు పద్నాలుగు నోళ్ళుండాయా?"

"నాకు యాడివమ్మా. ఒకటి నాది, ఒకటి మా ఇంటామెది, తక్కినవి జట్టు ఆడోళ్ళవి. అప్పట్లో వాళ్ళకి సరైన కార్డు లేదు. నా కార్డు పెట్టి తీసిచ్చినా. ఊర్లో అందరూ అంతే కదా."

అతను చెప్పింది నిజమే. మా పక్క పల్లెల్లో కూలోళ్ళ సిమ్ము మేస్త్రీ పేరున ఉండడం వింతేమీ కాదు. పైగా ఆ పద్నాలుగులో ఆరు నేను అమ్మినవే. జెరాక్స్ కాగితం చూసి ఇచ్చేసినాను. ఈ ఫోనులో మాట్లాడేది ఎవరని ఒక్కసారి కూడా అడగలేదు.

ఉంచుకోవలసిన తొమ్మిదీ ఎర్రిస్వామి వేలు పెట్టి చూపించినాడు. తీసేయవలసిన ఐదింటిలో మొదటిది తిప్పక్క నంబరు. "పోయినేడు పదిమందిని తీసుకొని నా జట్టులోనించి వేరుపడింది. దాన్ని కోసేయమ్మా ముందు" అన్నాడు.

ఆ తొమ్మిదీ ఖాయం చేసి, ఐదింటినీ ఏమీ చేయక పక్కన పెట్టినాను. "ఈ ఐదింటికీ వచ్చే కాల్స్ ఆగేదానికి ఇంకా నాలుగు దినాలు గడువుండాది. స్వల్ప ఆలోచించు" అని పంపినాను.

మరుసటి దినం తిప్పక్కే వచ్చింది. నలభై దాటిన మనిషి. రవిక చేతుల మీద మిరప ధూళి ఇంకా పోలేదు.

"ఫోను చేస్తే పోలేదు తల్లీ. రీచార్జి అయిపోయిందేమో చూడు."

ఉన్న సంగతి చెప్పినాను. స్టూలు మీద కూలబడింది.

"పన్నెండేండ్లుగా నేనే వాడతాండా. క్యాంపు రైతులందరి ఫోన్లలో ఈ నంబరే రాసి పెట్టుకున్నారు. ఇది ఆగితే రేపు ఏ చేనికి పోవల్లో నాకెవరు చెప్తారు? నన్ను నమ్ముకొని పదిమంది వచ్చినారే."

క్యాంపులంటే కాలువ నీళ్ళ కింద కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతుల ఊళ్ళు. వాళ్ళ పిలుపు రాకుంటే ఆ పదిమందికీ పని లేదు. కొత్త నంబరు ఇస్తానన్నాను.

"అది అందరికీ చేరేలోపల కోతలే అయిపోతాయి తల్లీ."

కాగితం ప్రకారం నంబరు ఎర్రిస్వామిది. అతను ఒప్పుకుంటే తప్ప నా చేతిలో ఏమీ లేదు. అతనికి ఫోను చేసి ఇద్దరినీ రమ్మన్నాను. కోతల పని వల్ల గడువు ఆఖరి రోజు సాయంత్రానికి గాని కుదరలేదు. వచ్చి బెంచీకి ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు కూర్చున్నారు.

"ఏమప్పా ఎర్రిసామీ, నా ఫోను కోసేస్తే నీ మిరపకాయలు తియ్యగైతాయా?" అంది తిప్పక్క.

"నా పేరు మీద సిమ్ము పెట్టుకొని నా మీదే పోటీ జట్టు నడుపుతాంటే చూస్తా కూర్చోవల్నా?"

"నీ పేరు నాకెందుకు, నువ్వే ఉంచుకో. నా నంబరు నాకియ్యి."

నేను మధ్యలో కల్పించుకున్నాను. "చూడప్పా, ఈ పద్నాలుగు ఫోన్లలో ఎవరేం తప్పు చేసినా వచ్చి నీ ఇంటి తలుపే కొడతారు. ఇంతమంది బరువు నీకెందుకు?"

అప్పుడే తిప్పక్క ఫోను మోగింది. ఇంకా వచ్చే కాల్స్ ఆగలేదు. క్యాంపు రైతు. ఆయన గొంతు మా ముగ్గురికీ వినిపిస్తూనే ఉంది. "తిప్పక్కా, మబ్బు పట్టిందమ్మా. రేపు ఇరవై మంది రావాలి. లేకపోతే కాయంతా తడిసిపోద్ది."

ఆమె ఎర్రిస్వామి వైపు చూసింది. "నా దగ్గర పదిమందే అయ్యా. తక్కినోళ్ళు ఎర్రిసామి జట్టులో ఉండారు. ఈడే ఉండాడు, మాట్లాడు" అని ఫోను అతని చేతిలో పెట్టింది.

అతను తీసుకున్నాడు. "హౌదయ్యా... పొద్దున్నే వస్తాం" అన్నాడు. ఫోను ఆమెకు తిరిగి ఇచ్చి బల్ల దగ్గరికి వచ్చినాడు. తర్వాత నాతో అన్నాడు: "సంతకం యాడ పెట్టల్లమ్మా?"

అంతటితో అయిపోలేదు. పేరు మార్చాలంటే కొత్త మనిషికి బయోమెట్రిక్ కావాలి. వేలిముద్ర ఆధార్‌తో కలవాలి. తిప్పక్క మిషను మీద బొటనవేలు పెడితే ఎర్ర లైటు. చూపుడు వేలు, ఎర్ర లైటు. కలుపు తీసీ కాయ కోసీ వేళ్ళ గీతలు అరిగిపోయినాయి. ఇంకో గంటలో నేను అంగడి మూయాలి, గడువు దాటుతుంది.

"నేను నేను కాదంటాది చూడు ఈ మిషను" అంది తిప్పక్క.

"నా వేలు పెట్టల్నా?" అన్నాడు ఎర్రిస్వామి.

"నీ కార్డు పెట్టినావు కదప్పా పన్నెండేండ్ల కింద. దాంతోనే ఈడికొచ్చింది" అన్నాను.

ముగ్గురం నవ్వినాం. ఇన్నేళ్ళ పనిలో ఇలాంటి చేతులు చాలా చూసినాను. లోపలినుంచి వేడినీళ్ళు, సబ్బు తెచ్చి ఆమె చేతులు నేనే కడిగినాను. కొబ్బరినూనె చుక్క వేసి రుద్ది, మెత్తని గుడ్డతో పొడిగా తుడిచినాను. కాయ తొడిమ తుంచేది బొటనవేలు, దాని పక్క వేళ్ళు. ఎడమ చిటికెనవేలికి ఆ పని తక్కువ. దాన్ని గాజు మీద పెట్టించి, పైన నా వేలితో నొక్కి, మనసులో దేవుణ్ణి తలచుకున్నాను. పచ్చ లైటు వెలిగింది.

కొంచెంసేపటికి ఆమె ఫోనుకు కన్నడంలో మెసేజ్ వచ్చింది. చదివి వినిపించినాను.

"నా పేరుండాదా దాంట్లో?"

"నీ పేరే ఉండాది."

"ఇంకోసారి చదువు తల్లీ."

మూడుసార్లు చదివినాను. ఎర్రిస్వామి కూడా కూర్చొని విన్నాడు.

కోతలయ్యేలోపల తక్కిన పన్నెండు మందినీ, కాల్స్ ఆగిపోయిన నలుగురితో మొదలుపెట్టి, అతనే ఆటోలో తీసుకొచ్చినాడు. ఉంచుకోవచ్చన్న తొమ్మిదిలో తనది తప్ప అన్నీ మార్పించినాడు. ఆఖరున ఇంటామెది. "ఇంక నా పేరున నేనొక్కణ్ణే ఉండానమ్మా. నిద్ర బాగా పడతాది" అన్నాడు. పన్నెండు మందిలో ఐదుగురికి వేలు పడలేదు. ఆ ఐదుగురి చేతులూ కడిగినాను.

నెలాఖరున కంపెనీ ఆఫీసరు వచ్చినాడు. టెలిడెన్సిటీ గ్రాఫ్ చూపించినాడు. వంద మంది జనానికి ఎన్ని ఫోను కనెక్షన్లో చెప్పే లెక్క అది. ఏడాదికేడాది గీత కొండెక్కినట్టు ఉంది. "ఈ నెల మీ దగ్గర పెద్దగా కదలలేదేంటమ్మా?" అన్నాడు.

"పదమూడు మందికి ఫోనిచ్చినా సార్."

ఆయన వెతికి చూసినాడు. "కొత్త కనెక్షన్లు కనబడడం లేదే."

"కొత్తవి కావు సార్. ముందూ పద్నాలుగే, ఇప్పుడూ పద్నాలుగే. ముందు ఒక్కడివి, ఇప్పుడు పద్నాలుగు మందివి."

ఆయన నవ్వి, టీ తాగి పోయినాడు. ఆయన లెక్కలో తప్పేమీ లేదు. ఫోన్లను లెక్కపెట్టమంటే ఆ గ్రాఫ్ ఫోన్లనే లెక్కపెట్టింది. మనుషుల్ని అడగవలసింది బల్లకు ఇవతల కూర్చున్న నేను. పదహారేళ్ళకు గాని ఆ సంగతి నాకు తెలియలేదు. తెలిపినందుకు తిప్పక్కకు రుణపడి ఉన్నాను.

ఇప్పుడు సిమ్ము కావాలని ఎవరొచ్చినా కార్డు అడగక ముందే "మాట్లాడేది ఎవరు?" అంటాను. "మా ఇంటామె" అంటే "ఆమెనే పిలుచుకురా అప్పా" అంటాను. కొందరు విసుక్కొని పక్క అంగడికి పోతారు. పోనీ. తిరిగొచ్చినవాళ్ళు భార్యనో తల్లినో వెంటబెట్టుకొని వస్తారు. ఆమెకు స్టూలు వేసి, మిషను ఆమె వైపు తిప్పుతాను.