తవుడు నూనె, మా నాయిన చేతులు

ఆ రోజుల్లో డీజిల్ ధర పెరిగినప్పుడల్లా ఈ దేశాన్ని కాపాడాల్సింది నేనేనని నాకు గట్టి నమ్మకం. కెమిస్ట్రీలో డిగ్రీ చేతికి రాగానే మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు సేటు దగ్గర చేరాను. మిల్లులో తవుడు గుట్టలుగా వస్తుంది, తవుడులో నూనె ఉంటుంది, ఆ నూనెతో బయోడీజిల్ చేస్తే జనరేటర్ నడుస్తుంది. ఇంత సులువైన సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ తట్టలేదే అని జాలిపడేవాణ్ణి (తట్టినవాళ్లు ఎందుకు వదిలేశారో అడగలేదు లెండి). మంచి తవుడు నూనె వంటకు పోతుంది కనుక, మూలన మగ్గిన పాత తవుడు నుంచి తీయించిన నూనె నాకిచ్చాడు సేటు. "ఎట్లనూ తగలబెట్టేదే గదయ్యా, తాజాది ఎందుకు?" అన్నాడు. నాకూ సబబుగానే తోచింది.

జనరేటర్ నడిపే రోజు మా ఊరు మోతె నుంచి మా నాయినను రమ్మన్నాను. మా ఇంట్లో తరతరాలుగా గొర్రెలే. నన్ను మాత్రం ఒక్క గొర్రె కూడా లెక్కచేసేది కాదు. గొర్రెపిల్లను పట్టుకోబోయి నేనే బోర్లా పడేవాణ్ణి. "సదువన్న వస్తదేమో వీనికి" అని నాయిన కాలేజీకి పంపాడు. అందుకే ఆయన కళ్లముందు ఒక్క పనైనా సక్కగా చేసి చూపించాలని నా ప్రాణం కొట్టుకునేది. దేశం సంగతి ఆ తర్వాతే.

తెల్లచొక్కా తొడుక్కుని, భుజాన గొంగడితో నాయిన పొద్దున్నే దిగాడు. సేటు కుర్చీ వేయించాడు. నేను నూనె వేడిచేసి, కాస్టిక్ సోడా కలిపిన మందు పోసి, పెద్ద పెద్ద మాటలు చెబుతూ కలియబెట్టాను. తేటగా తేలాల్సిన డీజిల్ ఎంతకీ తేలలేదు. డ్రమ్ములో ఉన్నదంతా చిక్కబడి, నురగ కక్కి, కలిపే కర్ర అందులోనే నిలబడిపోయింది. పాత నూనెలో పులుపు పెరుగుతుందని, సోడా పడితే సబ్బవుతుందని పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్న మొనగాణ్ణి నేను!

"గిదేందయ్యా, డీజిల్ అని జెప్పి సబ్బు జేసినవ్?" అని సేటు నెత్తి పట్టుకున్నాడు. హమాలీలు పడీపడీ నవ్వారు. భూమి చీలి మింగేస్తే బాగుండనిపించింది. నాయిన లేచి వచ్చి, కాస్త తీసి అరచేతుల్లో రుద్ది, కుళాయి కింద పెట్టాడు.

"మంచిగ నురుగొస్తున్నదిరా. ఉన్ని కత్తిరించే ముందు గొర్లను కడగాలె గద, నాకు జర ఇయ్యమను."

నిజంగానే ఒక డబ్బా నింపుకుని పోయాడు. మా నల్లగొర్రెలు నిగనిగలాడాయని, "మా పిలగాడు జేసిన సబ్బు" అని ఊరంతా చెప్పుకున్నాడని విన్నాను. సోడా ఎక్కువై ఆయన అరచేతులు పొక్కాయని మాత్రం చాలా రోజులకు అమ్మ చెప్పింది. "గా సంగతి పిలగానికి జెప్పకు, పరేషాన్ అయితడు" అన్నాడట.

ఆ తర్వాత నూనెలో పులుపు తీసే పద్ధతి నేర్చుకున్నాను. ఎట్టకేలకు జనరేటర్ దడదడా నడిచింది (తవుడుకు గిరాకీ పెరిగి, మూలన మగ్గేది మిగలకుండా పోగానే సేటు మళ్లీ మామూలు డీజిలే పోయించాడనుకోండి). ఆ సంబరంలో నాయినకు ఫోన్ చేశాను.

"నాయినా, ఈసారి నడిసింది! జల్ది రా, సూద్దువుగాని."

"మందను ఇడిసిపెట్టి యాడొస్తరా? నువ్వు పని నేర్సినవని గా సబ్బు జేసిన్నాడే సూసిన గద."

ఫోన్ పెట్టేసి, జనరేటర్ పక్కనే కూర్చుని కళ్లు తుడుచుకున్నాను. ఎవరో అడిగితే పొగ పడిందని చెప్పాను. అప్పటి నాలోని పిచ్చి కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, వాడి మీద ముద్దూ వస్తుంది.