వీరవేణక్క ఒప్పుకోని ఓటములు

వీరవేణక్కతో ఏ విషయమైనా మాట్లాడవచ్చు. మా యానాం గౌతమీ ఫుట్‌బాల్ క్లబ్ ఓడిపోయిందని మాత్రం అనకూడదు. అన్నా ఆవిడ ఒప్పుకోదు. నలభై అయిదేళ్ళుగా మా ఆటలన్నీ చూసిన ఆ మనిషి ఒక్క ఓటమిని కూడా చూడలేదు. మేమేమో ఏడాదికి పదిసార్లకు తక్కువ కాకుండా ఓడేవాళ్ళం.

"అయిదు సున్నా అక్కా," అని చెబితే, "అయితే ఏంటి? మనోళ్ళు గెలిచేలోపు విజిల్ ఊదేశాడు," అనేది.

"గంటన్నర ఆడాం కదక్కా!"

"అదే చెప్తున్నాను. ఇంకో రెండు గంటలిస్తే వాడి సొమ్మేం పోయింది?"

ఏడేళ్ళప్పుడు నాన్న భుజాలెక్కి మొదటి ఆట చూసింది. ఆయన గోదాట్లో వల వేసే మనిషి. కూతురికి చేపల పేర్లకంటే ముందు మా ఆటగాళ్ళ పేర్లే నేర్పాడంటారు. పెళ్ళిచూపులకు సత్తియ్య బావ వచ్చినప్పుడు ఆవిడ తలొంచుకునే ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

"ఆదివారం సాయంత్రం నాకు ఆటుంటాదండి. మీకేమన్నా అభ్యంతరమా?"

సముద్రం మీద తప్ప ఎక్కడా నోరు తెరవని బావ, "లేదండి," అన్నాడు. ఆ ఒక్క ముక్కతో పెళ్ళి కుదిరిపోయింది. ఇంట్లో ఆయన ఇప్పటికీ ఎక్కువగా వాడే మాట అదే.

అక్క పొద్దున్నే చేపల తట్ట నెత్తిన పెట్టుకుని వీధులు తిరుగుతుంది. ఒక సోమవారం పోస్టుమాస్టరు ప్రసన్నకుమారి గారు గుమ్మంలోకి వచ్చి, "ఏం వీరవేణీ, నిన్న మనోళ్ళు ఓడిపోయారటగా?" అన్నారు.

"చేపలైపోయాయండి," అంది అక్క.

"అదేంటే, తట్టలో తోకలు కనిపిస్తుంటేనూ!"

"అవి చూపించడానికండి. అమ్మడానికి కాదు."

ఆ వారమంతా పోస్టుమాస్టరు గారింట్లో వంకాయ కూరే.

ఇక రిఫరీల సంగతి. ఒక రిఫరీ ఆవిడ కేకలు భరించలేక గీత దాకా వచ్చి, ఆవిడకే పసుపు కార్డు చూపించాడు. మా యానాంలో పేదలకిచ్చే రేషన్ కార్డు ఎర్రది. ఉన్నవాళ్ళది పసుపు.

"బాబ్బాబూ, ఆ పసుపుది లోపల పెట్టెయ్యండి. మా బియ్యం ఆగిపోతాయి," అంది అక్క కంగారుగా.

ఆయనకు ఒళ్ళు మండి ఎర్రకార్డు తీశాడు.

"ఆయ్, అదండీ మాది!" అని చెయ్యి చాపింది. గ్రౌండంతా నవ్వు. రిఫరీ కూడా నవ్వాడు. కార్డు మాత్రం ఇవ్వలేదు.

నేను మొదటిసారి గోల్‌కీపర్‌గా నిలబడింది తునిలో. ఏడు గోల్స్ వదిలేశాను. తిరుగు బస్సులో తువ్వాలు ముఖాన కప్పుకుని, ఇక ఆట మానేద్దామని నిశ్చయించుకున్నాను. అక్క వచ్చి పక్కన కూర్చుని తువ్వాలు లాగేసింది.

"ఏరా ఉదయ్, ఏంటీ ముసుగు?"

"ఏడు అక్కా."

"పదమూడు ఆపావు. కూర్చుని లెక్కెట్టాను. పదమూడు పెద్దదా, ఏడు పెద్దదా?"

"పదమూడు."

"మరింకేంటి? ఇడ్లీ తిను."

ఇప్పుడు నేను హైస్కూల్లో లెక్కల మాస్టర్ని, సాయంత్రాలు ఆ క్లబ్బుకే కోచ్‌ని. ఆ లెక్కలో తప్పెక్కడుందో ఇప్పటికీ పట్టుకోలేకపోయాను.

అలాంటి మేము పోయిన ఫిబ్రవరిలో గోదావరి కప్పు ఫైనల్‌కి వచ్చాం. ఎలా వచ్చామో మాకూ తెలియదు. ఆట మా గ్రౌండ్‌లోనే. అవతల భీమవరం జట్టు. వాళ్ళ కోచ్ పాపారాజు గారు, ఇస్త్రీ మడత నలగని మనిషి. వాళ్ళ కుర్రాళ్ళ బూట్లు చూస్తే మావాళ్ళకు సగం ఊపిరి పోయింది. అయినా తొంభయ్యో నిమిషం దాకా స్కోరు ఒకటి ఒకటి మీద నిలబెట్టారు.

అప్పుడు మా గణేష్‌బాబు, తోటివాడికి అందిద్దామని బంతిని తన్నాడు. అది తోటివాడి దగ్గరికి వెళ్ళలేదు. మెల్లగా, గేదె ఇంటికి నడిచినట్టు గోల్ వైపు నడిచింది. వాళ్ళ గోల్‌కీపర్ సాయికిరణ్ వంగి పట్టుకున్నాడు. పట్టుకున్నాడనే అందరం అనుకున్నాం. బంతి చేతుల్లోంచి జారి, కాళ్ళ సందులోంచి లోపలికి వెళ్ళిపోయింది.

రెండు ఒకటి. విజిల్!

తర్వాత ఏం జరిగిందో వరసగా చెప్పలేను. డప్పులు మోగాయి, బాణాసంచా పేలింది. ప్రసన్నకుమారి గారు కళ్ళజోడు పోగొట్టుకున్నారు. సత్తియ్య బావ, మునుపెన్నడూ ఎరగని గణేష్‌బాబు మేనమామను ముద్దు పెట్టుకున్నాడు. ట్రాక్టరు సిద్ధమైంది. కప్పు ముందు అక్కే ఎత్తాలని కుర్రాళ్ళు పట్టుబట్టారు. చూస్తే అక్క లేదు.

వెతుక్కుంటూ వెళ్తే భీమవరం వాళ్ళ గోల్‌పోస్టు వెనక కనిపించింది. సాయికిరణ్ మోకాళ్ళలో తల పెట్టుకుని ఉన్నాడు. అక్క పక్కనే నేల మీద చతికిలబడి వేళ్ళు మడుస్తోంది.

"ఎనభై రెండులో కాకినాడలో నాలుగు ఒకటితో ఓడిపోయాం. తొంభైలో పెనుగొండలో మూడు సున్నాతో ఓడిపోయాం. అందులో రెండు మావోళ్ళే మా గోల్లో కొట్టుకున్నారు నాయనా. మా గోల్లోకి వంద బంతులు పోయాయి, వెయ్యి పోయాయి. మళ్ళీ ఆదివారానికి అందరూ ఆడారు."

"మీ గోల్లో మీరే కొట్టుకున్నారా?" అన్నాడు సాయికిరణ్ తలెత్తి.

"ఒకడు కొట్టి, చేతులెత్తి గంతులు కూడా వేశాడు."

ఆ కుర్రాడికి ఏడుపులోనే నవ్వొచ్చింది. అంకెలు, ఏళ్ళు, ఊళ్ళు, అన్నీ ఆవిడకు గుర్తే!

"అక్కా, నీకివన్నీ తెలుసా? మరి మేం ఓడలేదని ఇన్నాళ్ళూ..."

"ఓడిపోయావని చెప్పడానికి ఊరంతా ఉంటాది కదరా. కాదని చెప్పడానికి ఒక్క మనిషన్నా ఉండొద్దూ?" అని చీర దులుపుకుని లేచింది. "పద అబ్బాయ్, లే. ఏం తిన్నావో ఏంటో పొద్దున్నుంచి."

అక్క సాయికిరణ్ చెయ్యి వదలకుండానే ట్రాక్టరెక్కింది. రెండో చేత్తో కప్పెత్తి, "గెలిచాం!" అని ఒక్క కేక పెట్టింది. గోదారి అవతలి గట్టున ఎదుర్లంక వాళ్ళు ఏమైందోనని బయటికొచ్చి చూశారట.

పాపారాజు గారు వెనకాల పరుగెత్తుకొచ్చారు. "అమ్మా, మావాణ్ణి ఎక్కడికండీ తీసుకెళ్తున్నారు?"

"భోజనానికండి. మీరు మాత్రం రారేంటి? జట్టంతా ఎక్కండి!"

ఎక్కారు. గెలిచినవాళ్ళూ ఓడినవాళ్ళూ ఒకే ట్రాక్టరు మీద ఊరేగడం యానాం చూడ్డం అదే మొదటిసారి. అక్క వాకిట్లో రెండు జట్లూ వంజరం చేపల పులుసు పోసుకుని తిన్నాయి. సాయికిరణ్ మూడుసార్లు వడ్డించుకున్నాడు. పాపారాజు గారి చొక్కా మీద పులుసు పడితే, "పర్లేదండి," అని ఆయనే నవ్వేశారు.

మర్నాడు అమ్మడానికి అక్క దగ్గర ఒక్క చేపా మిగల్లేదు. అయినా అలవాటు ప్రకారం పొద్దున్నే బయల్దేరింది. ఉత్త చేతులతో వీధి వీధీ తిరిగి, అడిగిన వాళ్ళకూ అడగని వాళ్ళకూ స్కోరు చెప్పి, మధ్యాహ్నానికి ఇల్లు చేరింది.