పర్ల పుంజు మెడ

2021 జూన్‌లో కృష్ణా జిల్లా గూడూరు దగ్గర ఒక కోళ్ల ఫారంలో సూపర్‌వైజర్‌గా చేరాను. పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసినవాడికి గుడ్ల ఫారమో బ్రాయిలర్ ఫారమో దొరుకుతుంది. ఇది రెండూ కాదు. ఇక్కడ కోళ్లను ఈకల కోసం పెంచేవారు. మూడేళ్లు చేసి, ముప్పై నిండకముందే ఆ పని నుంచి రిటైరయ్యాను. ఏం ఉద్యోగం చేశావని అడిగినవాళ్లకు ఒక పట్టాన అర్థం కాదు కాబట్టి ముందు ఆ పని గురించి చెబుతాను.

చల్లని దేశాల్లో నదుల్లో గాలం వేసేవాళ్లు ఎరగా నిజమైన పురుగును వాడరు. కొక్కేనికి సన్నని ఈక చుట్టి, దాన్ని పురుగులా కనిపించేట్టు చేస్తారు. అందుకు నాటుకోడి ఈక పనికిరాదు. పొడవుగా, సన్నగా, అడుగున నూగు లేకుండా, నీటిమీద తేలేంత బిరుసుగా ఉండాలి. అలాంటి ఈక తరతరాలుగా ఏరి పెంచిన జాతి పుంజుల మెడమీద, నడుంమీద మాత్రమే వస్తుంది. ఒకదాని ఈకలు ఒకటి పొడుచుకోకుండా పుంజుకొక గది ఇస్తాం. ఏడాది నిండి ఈక ముదిరాక కోసి, మెడ తోలును ఈకలతో సహా ఒలిచి ఆరబెడతాం. మా ఫారంలో ఆ పని నాదే.

యజమాని సత్యనారాయణ గారిది గుడివాడ. తెలుపుమీద నల్ల అడ్డచారలున్న రకమంటే ఆయనకు ప్రాణం. మావైపు నలుపు తెలుపు కలిసిన పుంజును పర్ల అంటారు కాబట్టి ఆయనా అలాగే పిలిచేవారు. రోగమొస్తే జాతి మొత్తం పోకుండా ఒక పుంజును వేరేచోట ఉంచడం ఈ పనిలో నియమం. దాన్ని దివిసీమలో ఉన్న తన బావ కోటేశ్వరరావు గారింట్లో ఉంచారు. మేత, నీళ్లు, టీకాల సంగతి ఫోన్లో నేనే ఆయనకు చెప్పాను.

మరుసటి వేసవి రోహిణి కార్తెలో వడగాలికి ఫారంలోని పర్ల పుంజులన్నీ పోయాయి. పెట్టలు మిగిలాయి. దివిసీమ పుంజు రాకపోతే ఆ రకం అంతటితో ఆఖరు. బయటి దేశం నుంచి ఆ రకం గుడ్లు మళ్లీ తెప్పించే దారి లేదు. గంప తీసుకుని పులిగడ్డ మీదుగా బయల్దేరాను.

పుంజు పెరట్లో గుంజకు కట్టేసి ఉంది. మెడమీద ఈక లేదు. ఎర్రటి చర్మం, దానిమీద పసుపు.

“అదేంటండీ మావయ్య గారూ, మెడ?”

“ఎదుటి పుంజు ముక్కుకి దొరక్కుండా కత్తిరించేశాను. ఆదివారం లంకలో దింపుతున్నాం. మంచి పర్లని పంపాడు మా బావమరిది.”

ఆయన భార్య అనసూయమ్మ గారు మజ్జిగ తెచ్చారు. “దీనికి రోజూ బాదంపప్పులు, ఉడకబెట్టిన గుడ్డు. పెళ్లయి నలభై ఏళ్లయింది, నాకొక్క బాదంపప్పన్నా ఒలిచి పెట్టారేమో అడగండి.”

“నిన్ను దింపేదుందా ఏంటి?” అన్నారాయన.

తర్వాత అసలు సంగతి తెలిసింది. సత్యనారాయణ గారు ఫోన్లో “పర్ల పుంజుని పంపిస్తున్నా, జాగ్రత్తగా చూస్కో బావా” అన్నారట. ఆ ఊళ్లో పర్ల పుంజును జాగ్రత్తగా చూడటమంటే పందేనికి తయారుచేయడమే. మేత, నీళ్లు, టీకాలు మాత్రం నేను చెప్పినట్టే చేశారు. తప్పు పట్టడానికి ఏమీ లేదు.

ఇది పందెం పుంజు కాదని, ఈకల కోసం పెంచేదని చెప్పాను.

“ఈకలా? రాలినవి ఏరుకుంటారా?”

“కాదండీ. ఏడాది నిండాక కోసి తోలు ఒలుస్తాం.”

ఆయన మంచంమీద కూర్చున్నారు. “అన్నిట్నీనా?”

“విత్తనానికి ఉంచినవి తప్ప. సీజన్ అయ్యాక వాటిని కూడా.”

ఆ ఈకతో ఏం చేస్తారని అనసూయమ్మ గారు అడిగారు. గాలం సంగతి చెప్పాను. పట్టిన చేపను చాలామంది తిరిగి నీళ్లలోనే వదిలేస్తారని కూడా చెప్పాను. అది చెప్పకుండా ఉండాల్సింది.

“వండుకోరా?” అన్నారావిడ.

“మా పుంజుల్లో గెలిచినదైనా ఇంటికొస్తుంది,” అన్నారు కోటేశ్వరరావు గారు. “మీ దగ్గర ఏం చేస్తే ఇంటికొస్తుంది బాబూ?”

కాలికి కత్తి కట్టి బరిలోకి దింపే మనిషి నన్ను చూసి నివ్వెరపోతున్నాడు. అంతవరకు ఆయన్ని చూసి నివ్వెరపోయినవాణ్ణి నేను. ఆయన పుంజు కట్టు విప్పి చంకలో పెట్టుకుని, ఇవ్వనన్నారు.

సత్యనారాయణ గారికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. ఆయన ముందు నవ్వి, తర్వాత నవ్వు ఆపి, “దీన్ని కొయ్యం బావా, మాటిస్తున్నా” అన్నారు.

“నీ మాట దేనికి? కోసేవాడి మాట కావాలి.”

భార్యాభర్తలిద్దరూ నావైపు చూశారు. కోయనని మాటిచ్చాను. పుంజును గంపలో పెడుతూ ఆయన, ఆదివారానికి జ్వరమొచ్చిందని చెబుతాలే అన్నారు.

“దానికా, మీకా?” అన్నారు అనసూయమ్మ గారు.

ఈక పీకితే త్వరగానే మొలుస్తుంది. కత్తిరిస్తే మొదలు లోపలే ఉండిపోయి, కోడి ఈకలు రాల్చేదాకా కొత్తది రాదు. కానీ బోసిమెడ విత్తనానికి అడ్డు కాదు. చారలు పిల్లలకు దిగేది రక్తంలోంచి. ఆ వర్షాకాలం పుట్టిన పిల్లలకు చారలు సరిగ్గానే దిగాయి.

ఈకలు రాల్చాక పుంజుకు కొత్త మెడ వచ్చింది. నేను చూసిన మెడల్లో అంత పొడవైన ఈక ఇంకోటి లేదు. ఈకల నాణ్యత చూడటానికి వచ్చిన కొనుగోలుదారు మనిషి దాని గది ముందే ఆగిపోయి, ఇది కావాలన్నాడు. సత్యనారాయణ గారు నన్ను పక్కకు పిలిచి, ఏమంటావన్నారు. కుదరదన్నాను. ఆయన రెండోసారి అడగలేదు. దాని కొడుకుల మెడలు మాత్రం ఏడాది నిండాక ప్యాకెట్లలో వెళ్లాయి. అవి కోసింది నేనే. నేను మానేసేనాటికి ఆ పుంజు చివరి గదిలో ఉంది.

పుంజును ఒకరికి అప్పగించేటప్పుడు మేత, నీళ్లు, టీకాలు చెబితే సరిపోదు. అది దేనికోసమో కూడా చెప్పాలి. ఆ తర్వాత వేరేచోట ఉంచాల్సిన ప్రతి పుంజు విషయంలోనూ ముందే చెప్పాను. విన్నాక ఇద్దరు పెంచడానికి ఒప్పుకోలేదు.